గీసే మోడల్, రాసే మోడల్

(బెంగళూరు మారతహళ్ళిలో ఒక ఆదివారం ఉదయం తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కలిసినప్పుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర అడిగిన ప్రశ్నల్లో కొన్నిటిని కూడా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. ఔటర్ రింగ్ రోడ్డు కాస్త ఖాళీగా ఉండే పూట ఇదొక్కటే. దాన్ని ఇలాంటి విషయానికి ఇచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. ఇక్కడ బ్యాకెండ్ రాసేవాళ్ళున్నారు, టెస్టింగ్ చేసేవాళ్ళున్నారు, విమానాల కంపెనీల్లో సిస్టమ్స్ ఇంజనీరింగ్ చేసేవాళ్ళు కూడా ఇందాక చేతులెత్తారు. అందుకని అందరికీ తెలిసిన చిన్న మోడల్, అంటే ఒక సిస్టమ్ ఎలా నడవాలో చెప్పే నమూనా, ఒకటి పెట్టుకుని, దాన్ని బొమ్మగా గీయాలా, అక్షరాల్లో రాయాలా అని మాట్లాడుకుందాం.

నీళ్ళ ట్యాంకర్. ఈ ఊళ్ళో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి దీని గురించి నేను చెప్పక్కర్లేదు, 2024 వేసవి నీళ్ళ కరువు అందరికీ గుర్తుండే ఉంటుంది. ట్యాంకర్ బుక్ చేసే యాప్ ఒకటి మనం రాస్తున్నామనుకోండి. ఒక బుకింగ్ ఏయే దశల్లో నడుస్తుంది? బోర్డు మీద గీస్తే ఆరు డబ్బాలు, మధ్యలో బాణాలు. అదే అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది, తెర మీద చూడండి.

అడిగారు --> ఒప్పుకున్నారు : ఓనర్ సరేనన్నారు
ఒప్పుకున్నారు --> బయలుదేరింది : డ్రైవర్ బండి తీశాడు
బయలుదేరింది --> దింపారు : సంపు నిండింది
దింపారు --> ముగిసింది : డబ్బు ముట్టింది
అడిగారు --> రద్దు : కస్టమర్ వద్దన్నారు
ఒప్పుకున్నారు --> రద్దు : కస్టమర్ వద్దన్నారు

ప్లాంట్‌యూఎంఎల్‌లో గానీ మెర్మైడ్‌లో గానీ స్టేట్ మెషీన్‌ని, అంటే దశల్నీ వాటి మధ్య దారుల్నీ, ఇంచుమించు ఇలాగే రాస్తారు. ఇది రాసి ఇస్తే బొమ్మ అదే గీసిపెడుతుంది. చాలామంది దీన్ని చూసి, మౌస్‌తో డబ్బాలు జరిపే పని తప్పింది, టైమ్ కలిసొచ్చింది అంటారు. కలిసొస్తుంది, కాదనను. కానీ నాకు ఈ పద్ధతి మీద ఇంత ఇష్టం దానివల్ల కలగలేదు.

టీమ్‌లో ఒకమ్మాయి ఈ ఫైల్లో ఒక్క లైను చేర్చిందనుకోండి. "బయలుదేరింది --> రద్దు : కస్టమర్ వద్దన్నారు." పుల్ రిక్వెస్ట్‌లో, అంటే మార్పుని కలిపేముందు టీమ్ చూసే పేజీలో, ఆ లైను ఒక్కటే పచ్చగా కనిపిస్తుంది. చూసినవాళ్ళు వెంటనే అడుగుతారు: బండి దారిలో ఉండగా రద్దు చేస్తే డీజిల్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? డ్రైవర్‌కి ఆ సంగతి ఎవరు చెప్తారు? నింపిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? కోడ్ ఒక్క అక్షరం కూడా రాయకముందే, ఆ ఒక్క లైను కింద కామెంట్లలో ఇవన్నీ తేలిపోతాయి. ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎందుకు ఒప్పుకున్నారు అన్నది అక్కడే నిలిచిపోతుంది. రెండేళ్ళ తర్వాత వచ్చినవాడు ఆ లైను ఎందుకుందో వెనక్కి వెళ్ళి చదువుకోవచ్చు.

అదే మార్పు డ్రాయింగ్ టూల్‌లో చేస్తే ఏమవుతుంది? కొత్త బాణానికి చోటు కావాలి కాబట్టి మూడు డబ్బాలు పక్కకి జరుపుతాం. ఫైల్లో వాటి కొలతలన్నీ మారతాయి. డిఫ్, అంటే పాతదానికీ కొత్తదానికీ తేడా, తీస్తే ఎక్స్‌ఎంఎల్ ట్యాగులు, అంకెలు, ఐడీలు పేజీల కొద్దీ వస్తాయి. వాటి మధ్యలో అసలు మార్పు ఎక్కడుందో ఏ రివ్యూయర్‌కీ కనపడదు. అందుకని ఎవరూ చూడరు, "ఓకే" కొట్టేస్తారు. మోడల్ మీద వాదన జరగదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే: మోడల్‌ని అక్షరాల్లో పెడితే అది రివ్యూలోకి వస్తుంది. పదిమందీ లైను పట్టుకుని అడగగలిగే వస్తువు అవుతుంది.

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చూడాలి. దీన్ని పట్టించుకోకుండా టూల్ ఎంచుకుని ఇబ్బంది పడే టీమ్‌లు చాలా కనిపిస్తున్నాయి, కాబట్టి కొంచెం ఆగి చెప్తాను.

ప్లాంట్‌యూఎంఎల్‌ని 2009లో ఆర్నో రోక్ మొదలుపెట్టారు. మెర్మైడ్ 2014లో కనూట్ స్వేడ్‌క్విస్ట్ చేతుల్లో పుట్టింది. 2022 ఫిబ్రవరిలో గిట్‌హబ్ మెర్మైడ్‌ని నేరుగా చూపించడం మొదలుపెట్టాక దాని వాడకం ఇంకా పెరిగింది. రెండూ నేను రోజూ వాడతాను. అయితే వాటిలో మనం రాసేది బొమ్మ గురించిన వర్ణన. మోడల్ గురించి వాటికి పెద్దగా తెలియదు. ఇందాకటి ఫైల్లో ఒకచోట "బయలుదేరింది" అనీ, ఇంకోచోట "బయల్దేరింది" అనీ రాశామనుకోండి. తెలుగులో రెండూ రాస్తాం. టూల్ మాత్రం ఏ గొడవా చేయకుండా ఇంకో డబ్బా గీసేస్తుంది. బొమ్మ అందంగానే వస్తుంది, మోడల్ మాత్రం రెండుగా చీలిపోయి ఉంటుంది. అలాగే "ట్యాంకర్" అనే క్లాసు అయిదు డయాగ్రముల్లో ఉంటే, మామూలుగా అయిదు ఫైళ్ళలో అయిదుసార్లు రాసుకుంటాం. ఒకచోట పేరు మారిస్తే మిగతా నాలుగుచోట్ల పాతపేరే ఉండిపోతుంది. అవన్నీ ఒకే వస్తువు అని ఆ టూల్‌కి దానంతటదే తెలియదు.

మోడల్‌ని రాసే భాషలు వేరు. ఎక్లిప్స్ వాళ్ళ ఎక్స్‌టెక్స్ట్ ఉంది. మీ భాషకి ఒక గ్రామర్ రాసి ఇస్తే, రాసింది విడదీసి చదివే పార్సర్, ఎడిటర్, పేర్లు కలిపే లింకర్ అన్నీ అదే తయారుచేస్తుంది. అలాంటి భాషలో లేని పేరు రాస్తే కింద ఎర్రగీత పడుతుంది. ఒట్టావా యూనివర్సిటీలో టిమొతీ లెత్‌బ్రిడ్జ్ బృందం చేసిన అంపుల్ ఉంది, అందులో స్టేట్ మెషీన్లూ క్లాసుల మధ్య సంబంధాలూ జావా లాంటి కోడ్ పక్కనే రాసుకోవచ్చు. ఆర్కిటెక్చర్ వైపు సైమన్ బ్రౌన్ స్ట్రక్చరైజర్ భాష ఉంది. అందులో మోడల్ ఒక భాగంలో, బొమ్మలు ఇంకో భాగంలో రాస్తారు. మోడల్‌లో ఒక్కసారి చెప్పిన వస్తువుని ఎన్ని బొమ్మల్లోనైనా చూపించవచ్చు. పేరు ఒక్కచోట మారిస్తే చాలు.

బొమ్మని అక్షరాల్లో రాస్తున్నామా, మోడల్‌ని అక్షరాల్లో రాస్తున్నామా అని టూల్ ఎంచుకునే ముందే అడగాలి. ఒక డిజైన్ డాక్యుమెంట్‌లో ఎవరు ఎవరికి ఏ క్రమంలో కబురు పంపుతారో చూపించే సీక్వెన్స్ డయాగ్రమ్ ఒకటి కావాలంటే మెర్మైడ్ హాయిగా సరిపోతుంది, అంతకంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. అదే పది టీములు మూడేళ్ళపాటు ఒకే మోడల్ మీద ఆధారపడబోతున్నాయంటే రెండోరకం కావాలి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎస్‌డీఎల్ అని ఒక భాష ఉంది, దాని మొదటి సిఫార్సు 1976లో వచ్చింది. దానికి తర్వాత బొమ్మల రూపం, వాక్యాల రూపం రెండూ ఉండేవి, రెండిటికీ అర్థం ఒకటే. యూఎంఎల్ సంగతి చూడండి. సాఫ్ట్‌వేర్ ప్రమాణాలు పెట్టే ఓఎంజీ అనే సంస్థ దాన్ని 1997లో ఆమోదించింది. పేరుకి అది బొమ్మల భాషే, అయినా మొదటి నుంచీ ఓసీఎల్ అనే అక్షరాల భాషని పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. "ఒక ట్యాంకర్‌కి ఒకే సమయంలో రెండు బుకింగ్‌లు ఉండకూడదు" అన్న షరతుని డబ్బాలతో బాణాలతో చెప్పడం కష్టం. వాక్యం కావాలి.

మోడల్‌ని ఒక టూల్ నుంచి ఇంకో టూల్‌కి పంపడానికి ఎక్స్‌ఎంఐ అని ఒక ఫార్మాట్ తెచ్చారు. అది కూడా అక్షరాలే. కానీ మనిషి చదవడానికి చేసింది కాదు. దానికి జవాబుగా 2004లో ఓఎంజీయే హెచ్‌యూటీఎన్ అనే ప్రమాణం తెచ్చింది, మనుషులు వాడుకోగల అక్షరరూపం అని. ఏ మోడల్‌కైనా, మోడల్ ఎలా ఉండాలో చెప్పే ఏ మెటామోడల్‌కైనా ఒకే నియమాలతో అక్షరరూపం దానంతటదే రావాలని దాని ఆశయం. ఎక్లిప్స్ వాళ్ళ మోడలింగ్ టూల్ ఎప్సిలాన్‌లో దాని అమలు కూడా వచ్చింది. కానీ అది జనంలోకి వెళ్ళలేదు. ఎందుకంటే, నా ఉద్దేశంలో, అన్ని రంగాలకీ ఒకేలా సరిపోయే రాత ఏ రంగంవాడికీ తన రాతలా అనిపించదు. అన్నీ "ఫలానా రకం, ఫలానా పేరు, బ్రాకెట్ తెరువు, లక్షణాలు రాయి, బ్రాకెట్ మూయి" అన్నట్టే ఉంటాయి. బాణం గుర్తు ఉండాల్సిన చోట బాణం గుర్తు ఉంటేనే చదివేవాడి కన్ను ఆగుతుంది. ఇందాకటి ఆరు లైన్లు మీరందరూ ఏ ట్రైనింగూ లేకుండా చదివేశారు కదా, ఆ ఆర్డర్‌లో, ఆ గుర్తులతో రాయడం వల్లే.

ఇప్పుడు రెండోవైపు. బొమ్మని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు, అది అన్యాయం కూడా. కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ హారెల్ కథ వినండి. 1983లో ఆయన ఇజ్రాయెల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇండస్ట్రీస్‌లో లావీ యుద్ధవిమానం ఎలక్ట్రానిక్స్ టీమ్‌కి సలహాదారుగా వారానికొకరోజు వెళ్ళేవారు. ఆ సిస్టమ్ ఎలా ప్రవర్తించాలో ఇంజనీర్లు చెప్తుంటే, ఆయన మొదట దాన్ని అక్షరాల్లోనే, ఒక పద్ధతి ప్రకారం రాసుకున్నారు. వాళ్ళకి వివరించడానికి పక్కన చిన్న బొమ్మలు గీసేవారు. కొన్నాళ్ళకి చూస్తే అందరూ ఆ బొమ్మల్నే పట్టుకున్నారు. డబ్బాలో డబ్బా పెట్టే ఆ గీతలే తర్వాత స్టేట్‌చార్టులు అయ్యాయి, 1987లో పేపర్‌గా వచ్చాయి. ఇంకో సంగతి కూడా ఆయనే రాశారు. ఒకరోజు వైమానిక దళం పైలట్ ఒకాయన గదిలోకి వచ్చి, బోర్డు మీద బొమ్మేమిటని అడిగాడు. ఒక్క మాటలో వివరిస్తే చాలు, ఒకట్రెండు నిమిషాలు బొమ్మని చూసి, ఈ బాణం పోవాల్సింది ఇటు కాదని తప్పు పట్టుకున్నాడు. ఆయనకి ప్రోగ్రామింగ్‌తో పనిలేదు. విమానం నడిపే మనిషి. ఆ పని ఆ రాతప్రతి చేయలేకపోయింది.

బొమ్మ ఎందుకు పనిచేస్తుందో లార్కిన్, సైమన్ అనే పరిశోధకులు 1987లోనే చక్కగా వివరించారు. సంబంధం ఉన్నవి పక్కపక్కన ఉంటే వెతుక్కునే పని తగ్గుతుంది. అక్షరాల్లో "రద్దు" అనే దశలోకి ఎన్ని దారులున్నాయో తెలుసుకోవాలంటే ఫైలంతా చదవాలి, బొమ్మలో ఆ డబ్బా మీద చూపు పడితే చాలు. అయితే మేరియన్ పీటర్ అనే పరిశోధకురాలు 1995లో ఇంకో మాట చేర్చారు: బొమ్మ చదవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. అనుభవం ఉన్నవాళ్ళు డబ్బాల అమరికలో కూడా అర్థం పెడతారు. దగ్గరివి దగ్గర, ముఖ్యమైన దారి నిటారుగా, మినహాయింపులు పక్కకి.

అక్షరాల నుంచి బొమ్మ పుట్టినప్పుడు పోయేది ఆ అమరికే. ప్లాంట్‌యూఎంఎల్‌ చాలా రకాల బొమ్మల్లో డబ్బాలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించే పనిని గ్రాఫ్‌విజ్‌కి అప్పగిస్తుంది. బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన గొప్ప టూల్ అది. బాణాలు వీలైనంత తక్కువగా ఒకదాన్నొకటి దాటేలా చూస్తుంది. కానీ మీ మనసులో ఏది ముఖ్యమో దానికి తెలియదు. ఒక్క బాణం చేరిస్తే మొత్తం బొమ్మ అటుదిటు ఇటుదటు అయిపోవచ్చు. నిన్న ఎడమవైపున్న "రద్దు" ఇవాళ కుడివైపుకి పోతుంది, చూసేవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చదువుకోవాలి. ఇది భరించలేక కొందరు కనపడని బాణాలు పెడతారు, ఇది ఎడమకి, అది కిందకి అని దిక్కులు రాస్తారు. ఒకటీ రెండూ పర్వాలేదు. ఫైల్లో సగం లైన్లు అవే అయితే మాత్రం ఆపేయండి. మళ్ళీ కొలతలు మోసే ఫైలే తయారవుతోంది, రివ్యూలో ఏది మోడల్ మార్పో ఏది అలంకారమో తెలియదు. దానికి బదులు బొమ్మని రెండుగా విడగొట్టండి. చాలాసార్లు బొమ్మ గజిబిజిగా రావడానికి కారణం అందులో మనం కుక్కిన సరుకే.

ఇప్పుడు గిట్ గురించి, అంటే పలువురు చేసిన మార్పుల్ని దాచి కలిపే టూల్ గురించి, ఒక హెచ్చరిక. అక్షరాల్లో పెట్టేశాం, మెర్జ్ సమస్య తీరిపోయిందని అనుకోకండి. గిట్ లైన్లని కలుపుతుంది, మోడల్‌ని కలపదు. ఒకరు ఫైలు పైభాగంలో "బయలుదేరింది --> రద్దు : కస్టమర్ వద్దన్నారు" అని చేర్చారు. ఇంకొకరు వేరే బ్రాంచ్‌లో, ఫైలు చివర "బయలుదేరింది --> వెనక్కి : కస్టమర్ వద్దన్నారు" అని చేర్చారు. ఒక కాన్‌ఫ్లిక్ట్ కూడా లేకుండా రెండూ కలిసిపోతాయి. ఇప్పుడు అదే దశలో, అదే సంఘటనకి, బండి రెండు దారుల్లో పోవాలి. ఏ లైనూ విడిగా తప్పు కాదు, కలిపితే తప్పు. అందుకని మోడల్ ఫైలు మారినప్పుడల్లా బిల్డ్‌లో ఒక చెకర్ నడవాలి. ఒకే దశ నుంచి ఒకే సంఘటనకి రెండు బాణాలున్నాయా? ఏ దారీ చేరని దశ ఉందా? ముగింపు కాని దశలో ఇరుక్కుపోయే అవకాశం ఉందా? ఈ మూడూ చూసే స్క్రిప్ట్ రాయడం పెద్ద పని కాదు, ఇక్కడున్న ఎవరైనా రాయగలరు. కానీ అది లేకుండా అక్షరాల మోడల్‌ని నమ్మకండి.

ఆ చెకింగ్‌ని చివరిదాకా తీసుకెళ్ళిన భాషలు కూడా ఉన్నాయి. లెస్లీ లామ్‌పోర్ట్ చేసిన టీఎల్‌ఏ ప్లస్, ఎంఐటీలో డేనియల్ జాక్సన్ చేసిన ఆలాయ్ అలాంటివి. వాటిలో రాసిన మోడల్‌లో సాధ్యమయ్యే దారుల్ని, మనం పెట్టిన హద్దుల్లో, యంత్రమే వెతికి చూస్తుంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇంజనీర్లు 2011 నుంచి టీఎల్‌ఏ ప్లస్ వాడుతున్నామని 2015లో రాశారు. వాళ్ళ డేటాబేస్ సర్వీసు డైనమోడీబీలో వాళ్ళకి దొరికిన ఒక బగ్ బయటపడాలంటే, అతి చిన్న దారిలో కూడా 35 అడుగులు పడాలి. ముప్ఫై అయిదు అడుగుల దారిని ఏ రివ్యూయరూ తలలో నడవలేరు, ఏ బొమ్మలోనూ వేలితో వెంబడించలేరు. ఖచ్చితమైన భాషలో రాసి ఉండబట్టే యంత్రం నడిచింది.

ఏఐ టూల్స్ సంగతి ఒక్క మాట. మెర్మైడ్ రాయమంటే అవి చకచకా రాసిస్తాయి, ఆ బొమ్మ చూడ్డానికి నిండుగా ఉంటుంది. దయచేసి బొమ్మ చూసి ఒప్పుకోకండి, రాసిన లైన్లు చదవండి. ఇంతసేపూ చెప్పిన రివ్యూ అక్కడ ఇంకా ఎక్కువ అవసరం.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మా ప్రాజెక్టులో బిజినెస్ వాళ్ళు ఈ లైన్లు చదవరండీ. బొమ్మే కావాలంటారు. ఏం చెయ్యాలి?

బొమ్మే ఇవ్వండి. ఇందాకటి పైలట్‌ని గుర్తుపెట్టుకోండి, వాళ్ళు పట్టుకునే తప్పు మనం పట్టుకోలేం. కాకపోతే ఆ బొమ్మ ఫైలు నుంచే, బిల్డ్‌లోనే తయారవ్వాలి, అది ఏ మార్పు నాటిదో చెప్పే కామిట్ నంబరు దాని మీద ఉండాలి. మీటింగ్‌లో వాళ్ళు వేలు పెట్టి చూపించిన బాణం ఏ లైనో మీకు వెంటనే తెలియాలి. ఆ మార్పు మీరు లైన్లో చేసి, కొత్త బొమ్మ పంపండి. బొమ్మ మీద విడిగా ఎవరూ దిద్దకూడదు.

ప్రశ్న: నేను ఏరోస్పేస్‌లో ఉన్నాను సార్. మా దగ్గర సిస్‌ఎంఎల్, అదే సిస్టమ్స్ ఇంజనీరింగ్‌కి వాడే మోడలింగ్ భాష, మొదటి వెర్షన్ మోడళ్ళున్నాయి. రెండో వెర్షన్‌లో అక్షరరూపం వచ్చిందంటున్నారు. నేర్చుకోవచ్చా?

తప్పకుండా నేర్చుకోండి. ఓఎంజీ దాన్ని 2025లో ఆమోదించింది. అందులో అక్షరరూపం, బొమ్మరూపం రెండూ ప్రమాణంలోనే ఉన్నాయి, రెండూ ఒకే మోడల్‌కి రెండు ముఖాలు. భాగం నిర్వచనం, దాని లక్షణాలు, పోర్టులు, అన్నీ ప్రోగ్రామ్ రాసినట్టే రాయొచ్చు. ఈ ఊళ్ళో విమానాల, ఉపగ్రహాల, కార్ల పని చేసేవాళ్ళు ఇంతమంది ఉన్నారు కాబట్టి నాకు దీని మీద చాలా ఆశ ఉంది. పాత మోడళ్ళని మార్చేటప్పుడు మాత్రం తొందరపడకండి. మొదట ఒక చిన్న ఉపవ్యవస్థ తీసుకుని చేతితో తిరగరాయండి. పాతదాన్లో టూల్ అలవాట్ల వల్ల వచ్చినవేవో, నిజంగా అవసరమైనవేవో అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: మీరు తెర మీద దశల పేర్లు తెలుగులో పెట్టారు. నిజంగా అలా రాయొచ్చా?

ఇవాళ చదవడానికి వీలుగా ఉంటుందని అలా పెట్టాను. పనిలో అయితే చూపించే లేబుల్ తెలుగులో, కోట్స్ మధ్య పెట్టండి. ప్లాంట్‌యూఎంఎల్, మెర్మైడ్ రెండూ ఒప్పుకుంటాయి. లోపల వాడే పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టుకోండి. ఒక కారణం ఇందాకటి బయలుదేరింది, బయల్దేరింది సమస్య. రెండోది ఇంకా ఇబ్బంది పెట్టేది. తెలుగులో పొల్లు తర్వాత విడగొట్టడానికి కంటికి కనపడని యూనికోడ్ అక్షరం ఒకటి వాడతాం. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. పొల్లుతో ముగిసే పేరు చివర ఆ అక్షరం ఉన్నా లేకపోయినా తెర మీద రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి, టూల్‌కి మాత్రం అవి వేరు. ఇంకో చిట్కా, బొమ్మని పీఎన్‌జీగా తీస్తే సర్వర్‌లో తెలుగు ఫాంట్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అక్షరాల చోట ఖాళీ గళ్ళు వస్తాయి.

ప్రశ్న: మా దగ్గర పదేళ్ళ నాటి డ్రాయింగ్ ఫైళ్ళు వందల్లో ఉన్నాయి. అన్నీ మార్చాలంటే టెన్షన్‌గా ఉంది.

అన్నీ మార్చకండి. పోయిన ఏడాదిలో ఎవరైనా తెరిచి దిద్దినవి ఏవో చూడండి, అవి చాలా తక్కువే ఉంటాయి. వాటిలో ముందు స్టేట్ మెషీన్లు తీసుకోండి. అక్షరాల్లోకి తేలిగ్గా వచ్చేవి అవే, చెకర్ వల్ల వెంటనే లాభం కనిపించేదీ అక్కడే. తర్వాత డేటా మోడల్. ఏ సర్వర్ ఏ గదిలో ఉందో చూపించే బొమ్మల్లాంటివి, అమరికే అర్థమైనవి, గీసినట్టే ఉండనివ్వండి. మిగతావన్నీ పీడీఎఫ్ తీసి, తేదీ వేసి, ఒక ఫోల్డర్‌లో పెట్టేయండి. వాటిని ఇంకెవరైనా అడిగినప్పుడు అప్పుడు రాసుకోవచ్చు.